హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు: మా అమ్మాయి అడ్మిషన్ల అనుభవం

"మీ అమ్మాయి చేత కాలేజీ కోర్సులు చేయించట్లేదా?" అని 2023 ఫిబ్రవరిలో తెలుగు బడి బయట పిల్లల కోసం నిలబడి ఉంటే ఒకావిడ నన్ను అడిగింది. అడిగిన తీరు చూస్తే, పాపకి టీకా వేయించలేదా అన్నట్టుంది. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ దగ్గర. ఇక్కడ హైస్కూల్ పిల్లలు చదువుకుంటూనే కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీలో, కోర్సులు తీసుకోవచ్చు. దీన్నే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. "ఫీజు లేదు, రేపు డిగ్రీలో కలిసే క్రెడిట్లు వస్తాయి, బర్క్లీ యూనివర్సిటీ వాళ్ళు చూస్తారు" అని ఆవిడ మూడు ముక్కల్లో తేల్చేసింది. ఆ మూడింటిలో ఏది ఎంతవరకు నిజమో తెలియడానికి మాకు రెండున్నరేళ్ళు పట్టింది. అమ్మాయి 2025 జూన్‌లో హైస్కూల్ పూర్తిచేసింది. అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

తెనాలిలో ఉన్న మా అమ్మకి చెబితే ఆవిడకి ఇందులో వింతేమీ కనపడలేదు. "టెన్త్ అయ్యాక కాలేజీకి కాక ఎక్కడికి వెళ్తారే?" అంది. నిజమే, మేమందరం పదిహేనేళ్ళకే ఇంటర్ కాలేజీల్లో పడ్డవాళ్ళమే. కాకపోతే మాకు ఒక ఎంసెట్, ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగ్. ఇక్కడ ఎవరు దేన్ని ఎంత చూస్తారో ఎవరూ కచ్చితంగా చెప్పరు. మావారికి, నాకు అసలు టెన్షన్ అంతా అక్కడే.

మొదటి కోర్సు 2023 వేసవిలో చేయించాలనుకున్నాం. సైకాలజీ పరిచయ కోర్సు, మూడు యూనిట్లు (ఇక్కడ ఫీజు, క్రెడిట్ రెండూ యూనిట్ల లెక్కే). ఏప్రిల్ మొదట్లో అమ్మాయే ఆన్‌లైన్‌లో కమ్యూనిటీ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు నింపింది. విద్యార్థి నంబరు రెండు మూడు రోజుల్లో ఈమెయిల్‌కి వచ్చింది. ఆ తర్వాత ఒక ప్రత్యేక అనుమతి పత్రం కావాలి. దాని మీద పిల్ల సంతకం, మన సంతకం, హైస్కూల్ తరఫు సంతకం ఉండాలి. ఈ చివరి సంతకానికి మా స్కూలు కౌన్సెలర్ దగ్గర దాదాపు రెండు వారాలు పట్టింది. ఒక్కో కౌన్సెలర్‌కి వందల మంది పిల్లలు, పైగా ఏప్రిల్లో పన్నెండో తరగతి వాళ్ళ గొడవే వాళ్ళకి సరిపోతుంది. ఈ పత్రం ఒకసారి ఇస్తే సరిపోదు, ప్రతి టర్మ్‌కీ కొత్తది కావాలి. రెండోసారి నుంచి మేము టర్మ్ షెడ్యూలు బయటికి వచ్చిన రోజే కౌన్సెలర్‌కి పంపేవాళ్ళం.

పత్రం అయ్యాక మావారు కంప్యూటర్ తెరిచి చూసి "ఫ్రీ అన్నావుగా?" అన్నారు. స్క్రీన్ మీద వెయ్యి డాలర్లకి పైనే బాకీ చూపిస్తోంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్‌కి 46 డాలర్లు ఫీజు. పార్ట్‌టైమ్‌గా, అంటే టర్మ్‌కి 11 యూనిట్లు దాటకుండా, చేసే హైస్కూల్ పిల్లలకి అది మాఫీ. కానీ మాది హెచ్-1బీ వర్క్ వీసా ఇల్లు, పిల్లది దాని మీద వచ్చే హెచ్-4 డిపెండెంట్ వీసా. దరఖాస్తులో వీసా రకం చూడగానే సిస్టమ్ తనని బయటి రాష్ట్రపు విద్యార్థిగా లెక్కేసి, యూనిట్‌కి మూడు వందల పైన ఫీజు వేసింది. ఈ రాష్ట్రంలో హెచ్-4 పిల్లలు కూడా ఏడాదికి పైగా ఇక్కడే ఉన్నట్టు, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపిస్తే రెసిడెంట్లుగా లెక్కలోకి వస్తారు. ఐ-94లు (దేశంలోకి వచ్చిన రికార్డులు), వీసా అప్రూవల్ నోటీసులు, రాష్ట్ర ట్యాక్స్ రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్సులు, ఇంటి అద్దె అగ్రిమెంటు అన్నీ స్కాన్ చేసి పంపాం. జవాబుకి మూడు వారాలు పట్టింది. ఈలోపు రిజిస్ట్రేషన్ తేదీ వచ్చేసింది, రిజిస్టర్ చేయనివ్వకుండా అకౌంటు మీద పెట్టిన హోల్డ్ అలాగే ఉంది. నాకు రాత్రులు నిద్ర లేదు. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితురాలికి ఈ గొడవేదీ ఎదురుకాలేదు కాబట్టి తను ముందు చెప్పలేకపోయింది. మీది వర్క్ వీసా అయితే దరఖాస్తు పెట్టిన రోజే రెసిడెన్సీ కాగితాలు కూడా పంపేయండి.

హోల్డ్ తీసేసరికి క్లాసు నిండిపోయింది. ఇదొక చట్టబద్ధమైన ఇబ్బంది. హైస్కూల్ పిల్లలకి రిజిస్ట్రేషన్ అందరికన్నా చివర ఇస్తారు. ముందు కాలేజీలో రెగ్యులర్‌గా చదివేవాళ్ళు, ఆ తర్వాతే వీళ్ళు. న్యాయమే అనుకోండి, ఆ సీటు మీద ఒకరి ఉద్యోగమో, పెద్ద యూనివర్సిటీకి బదిలీయో ఆధారపడి ఉండొచ్చు. వెయిట్‌లిస్టులో ఉంటే మొదటి రోజు క్లాసుకి వెళ్ళి కూర్చోవాలి, రానివాళ్ళని ప్రొఫెసర్ తీసేస్తారు, ఖాళీ అయిన సీటుకి ఒక యాడ్ కోడ్ ఇస్తారు. మా అమ్మాయి అలాగే వెళ్ళి కూర్చుని కోడ్ తెచ్చుకుంది. ఆ కోడ్‌కి గడువు ఉంటుందని, ఇంటికొచ్చి తీరిగ్గా వాడదామంటే కుదరదని కూడా ఆ రోజే తెలిసింది. కారులో కూర్చునే ఫోన్‌లో ఎక్కించింది.

వేసవి కోర్సు అంటే పదహారు వారాల పాఠం ఆరు వారాల్లో. వారానికి రెండు చాప్టర్ల పైన, ప్రతి వారం క్విజ్. పరీక్షకి వెళ్తే జవాబులు గుర్తుపెట్టే స్కాంట్రాన్ కాగితం మనమే కొనుక్కుని తీసుకెళ్ళాలని మొదటిసారి తెలిసింది. వ్యాసరూప ప్రశ్నలుంటే జవాబులు రాసే బ్లూ బుక్ కూడా అంతే. కాలేజీ బుక్‌స్టోర్లో అర డాలరో డాలరో ఉంటుంది, కానీ పరీక్ష మొదలయ్యే పది నిమిషాల ముందు అక్కడ పెద్ద లైను. పక్కన కూర్చున్న ఒక నర్సింగ్ విద్యార్థిని తన దగ్గరున్న అదనపు కాగితం ఇచ్చిందట. పుస్తకం ఉచితంగా ఆన్‌లైన్లో దొరికేది. ఆ కోర్సుకి మాకైన ఖర్చు చిన్నా చితకా ఫీజులు, పార్కింగ్ కలిపి వంద డాలర్ల లోపే.

మూడో వారంలో క్విజ్ మార్కు ఒకటి తప్పుగా పడిందని అమ్మాయి దిగులుపడుతుంటే, నేను ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతలి ఆవిడ చాలా మర్యాదగా, "మీ అమ్మాయిని మాట్లాడమనండి" అంది. పదహారేళ్ళ పిల్ల అండీ అన్నాను. వయసుతో పని లేదట. కాలేజీలో చేరిన రోజు నుంచీ ఆ రికార్డు మీద హక్కు విద్యార్థిదే, ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం. హైస్కూల్ పోర్టల్లో ప్రతి అసైన్‌మెంటూ చూసుకుంటూ బతికినదాన్ని, ఇక్కడ నాకు లాగిన్ కూడా లేదు. మొదట్లో ఒళ్ళు మండింది. అమ్మాయే ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాసుకుంది, ఆయన ఆఫీస్ అవర్స్‌కి రమ్మన్నాడు, మార్కు సరిచేశాడు. ఆ ఈమెయిల్ రాయడానికి తనకి ఒక సాయంత్రం అంతా పట్టింది. "డియర్ సర్" అని మొదలుపెట్టాలా, "హాయ్ ప్రొఫెసర్" అనాలా అని నన్ను అడిగింది. నాకేం తెలుసు?

సైకాలజీలో 'ఏ' గ్రేడు వచ్చింది. ఆగస్టులో పదకొండో తరగతి మొదలైంది. హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) క్లాసులు, అంటే కాలేజీ స్థాయి పాఠాలు, మూడు పెట్టుకుంది, అందులో కాలిక్యులస్ బీసీ ఒకటి. కాలేజీలో సాయంత్రం పూట ప్రోగ్రామింగ్ కోర్సు, సోమ, బుధవారాలు ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. తనకి అప్పుడే లైసెన్సు వచ్చింది. కానీ ఇక్కడ పద్దెనిమిది లోపు పిల్లలకి మొదటి పన్నెండు నెలలు రాత్రి పదకొండు దాటాక ఒంటరిగా నడపకూడదు, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇరవై ఏళ్ళలోపు వాళ్ళని ఎక్కించుకోకూడదు. ఇంకో అమ్మాయితో కలిసి వెళ్తే పెట్రోలు కలిసొస్తుందనుకున్న మా ప్లాను ఆ రూలు దగ్గరే ఆగిపోయింది. సోమవారం నేను, బుధవారం మావారు దింపేవాళ్ళం. కారులోనే పప్పన్నం డబ్బా. ఆ చీకట్లో పార్కింగ్ లాట్లో కూర్చుని నేను ఇండియాకి చేసిన ఫోన్లు అన్నీ ఇన్నీ కావు.

ఆ క్లాసు గురించి ఒక్క మాట చెప్పాలి. తన గ్రూపులో రాత్రి షిఫ్టు గోడౌన్లో పనిచేసే యాభై ఏళ్ళాయన ఒకరు ఉండేవారు. నోట్స్ మొత్తం పెన్సిల్‌తో, ప్రతి లైనూ గీత గీసినట్టు రాసేవారట. కోడ్ పనిచేయకపోతే మా అమ్మాయి కీబోర్డు మీద పడి కొట్టేది, ఆయన మాత్రం నోట్సు తిరగేసి ఎక్కడ తప్పిందో వేలుపెట్టి చూపించేవారు. హైస్కూల్లో అందరూ ఒకటే వయసు, ఒకటే పరుగు. ఇక్కడ పాసవడం అంటే జీతం పెరగడం అనుకునే మనుషుల మధ్య కూర్చునేసరికి తన మాటతీరు మారింది. ఆ మార్పుని దరఖాస్తులో ఏ గడిలో రాయాలో అప్పటికి మాకు తెలియదు.

2024 వసంతంలో కాలేజీ కోర్సు ఏదీ పెట్టుకోలేదు. మే నెలలో ఏపీ పరీక్షలున్నాయి, అప్పట్లో ఒక్కో పరీక్షకి 98 డాలర్లు. మా పేరెంట్స్ గ్రూపులో ఒకాయన "గ్యాప్ వస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అని భయపెట్టాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. జూలై మొదట్లో కాలిక్యులస్‌లో 5కి 5 వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది, ఎందుకంటే మా హైస్కూల్లో ఆ తర్వాత లెక్కల క్లాసు లేదు. పన్నెండో తరగతిలో లెక్కలు కావాలంటే మల్టీవేరియబుల్ కాలిక్యులస్ కోసం కాలేజీకి వెళ్ళాల్సిందే. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటేనని నా అభిప్రాయం. సైకాలజీ హైస్కూల్లో కూడా ఉంది.

అయితే ఆ కోర్సుకి ముందు కాలిక్యులస్ రెండు సెమిస్టర్లు అయినట్టు రుజువు కావాలి. ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు అనే సంస్థకి 15 డాలర్లు కట్టి స్కోరు పంపించాం. అది కాలేజీ సిస్టమ్‌లో కనపడటానికి రెండు వారాలు, దాన్ని ఒక మనిషి చూసి అర్హత ఒప్పుకోవడానికి ఇంకో వారం. రిజిస్ట్రేషన్ మాత్రం జూన్‌లోనే తెరిచేశారు. స్కోరు రిపోర్టు పీడీఎఫ్‌ని అమ్మాయే లెక్కల డిపార్ట్‌మెంటుకి ఈమెయిల్ చేస్తే త్వరగా పని జరిగింది. సీటు మళ్ళీ వెయిట్‌లిస్టే. మళ్ళీ మొదటి రోజు కోడ్. ఈసారి పుస్తకం, హోమ్‌వర్క్ వెబ్‌సైటు యాక్సెస్ కోడ్ కలిపి నూట ఇరవై డాలర్లయింది. సెకండ్ హ్యాండ్ పుస్తకం కొందామంటే ఆ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, కాబట్టి కొత్తదే కొనాలి.

2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మా ఇంట్లో ఎవరం సరిగ్గా భోంచేసినట్టు గుర్తు లేదు. యూసీ దరఖాస్తు, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తొమ్మిది క్యాంపస్‌లకీ కలిపి ఉండే ఒకే దరఖాస్తు, అక్టోబరు ఒకటి నుంచి పంపొచ్చు. గడువు మామూలుగా నవంబరు 30, ఆ ఏడాది శనివారం పడటంతో డిసెంబరు 2. ప్రైవేటు యూనివర్సిటీల్లో ముందస్తు గడువు నవంబరు 1. మల్టీవేరియబుల్ మొదటి మిడ్‌టర్మ్ సెప్టెంబరు చివర్లో, అందులో 64 వచ్చింది. ఎప్పుడూ తొంభైలు చూసే పిల్ల. రెండోది అక్టోబరు చివర్లో, 71. గ్రేడు బదులు డబ్ల్యూ (విత్‌డ్రా) పడేలా కోర్సు నుంచి తప్పుకునే గడువు నవంబరు మధ్యలో. అంటే దరఖాస్తు పంపకముందే తేల్చుకోవాలి.

ఆ పది రోజులూ ఇంట్లో చర్చే చర్చ. మావారు తీసెయ్యమన్నారు. కాలేజీలో వచ్చిన గ్రేడు జీవితాంతం ఉండే రికార్డు, రేపు మెడికల్ స్కూలుకి పెట్టినా హైస్కూల్ నాటి ఈ ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల రికార్డు) కూడా పంపమంటారు, అని ఆయన వాదన. అది నిజం కూడా. తీసేస్తే డబ్ల్యూ కనపడుతుంది, పైగా పన్నెండో తరగతిలో లెక్కలే లేకుండా పోతాయి, అన్నది అమ్మాయి మాట. నేను ఒక ప్రైవేటు కన్సల్టెంట్‌తో మాట్లాడాను. ఉచిత పరిచయ కాల్ అన్నారు. అరగంటలో ఇరవై నిమిషాలు ప్యాకేజీ ధరల గురించే, కొన్ని వేల డాలర్లు. మిగిలిన పది నిమిషాల్లో "డబ్ల్యూ అయితే ఫర్వాలేదు, కానీ ఫర్వాలేదని హామీ ఇవ్వలేను" అన్నారు. ఆ మాత్రం మేమూ చెప్పుకోగలం.

నిర్ణయం అమ్మాయిదే అయింది. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి మూడు పేజీల తప్పుల జాబితాతో వెళ్ళింది. ఆవిడ అన్నీ చూసి, "నీకు కాన్సెప్ట్ వచ్చు, లిమిట్స్ వేసేటప్పుడు బొమ్మ గీయవు, అందుకే పోతున్నాయి" అని చెప్పి, బోర్డు మీద ఒక కోన్, దాన్ని కోసే ఒక తలం గీయించిందట. ఆ రోజు నుంచి మా డైనింగ్ టేబుల్ మీద, కిరాణా రసీదుల వెనకాల, చివరికి పాల డబ్బా అట్ట మీద కూడా కోన్లే. కోర్సులో ఉండిపోయింది. చివరి గ్రేడు బీ. ఆ బీ చూసి తను ఎంత సంతోషపడిందో, హైస్కూల్లో వచ్చిన ఒక్క 'ఏ' గ్రేడు చూసీ అంత సంతోషపడటం నేను చూడలేదు.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. యూసీ వాళ్ళు శాట్ ప్రవేశ పరీక్ష స్కోరు చూడరు, టీచర్ల సిఫారసు ఉత్తరాలు మామూలుగా అడగరు. పిల్లలే తొమ్మిదో తరగతి నుంచి అన్ని కోర్సులూ, గ్రేడ్లూ టైప్ చేయాలి. కాలేజీ కోర్సులు వేరే చోట, ఆ కాలేజీ పేరు కింద, కోర్సు నంబరు, యూనిట్లతో సహా. ఒక్క కోర్సు చేసినా దాచకూడదు. అక్కడ మాకొక విషయం బోధపడింది. యూసీలకి బదిలీ అయ్యే కాలేజీ కోర్సులకి ఏపీ కోర్సుల లాగే ఒక అదనపు గ్రేడు పాయింటు ఉంటుంది. కానీ ఆ అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్ల గ్రేడ్లకే పరిమితం. మా అమ్మాయికి ఏపీలు, ఆనర్స్ క్లాసులతోనే ఆ ఎనిమిదీ నిండిపోయాయి. పైగా ఆ జీపీఏలోకి, అంటే గ్రేడ్ల సగటులోకి, పది, పదకొండు తరగతుల గ్రేడ్లే వస్తాయి. పన్నెండులో తీసుకున్న మల్టీవేరియబుల్, అంత ఏడిపించిన కోర్సు, ఆ లెక్కలోనే లేదు. "చేస్తున్నది" అని ఒక వరుసలో కనపడుతుంది, అంతే. చదివేవాళ్ళు ఆ వరుసని గమనిస్తారు, కష్టమైన కోర్సు ఎంచుకుందని తెలుసుకుంటారు. అంకెగా మాత్రం ఏమీ కలవలేదు. తెలుగు బడి దగ్గర చెప్పిన ఆవిడకి ఈ సంగతి చెబితే నమ్మలేదు.

వ్యాసాలు ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోటి 350 పదాల లోపు. ఒకదానిలో ప్రోగ్రామింగ్ క్లాసులో పెన్సిల్‌తో రాసే ఆయన గురించి రాసింది. మొదటి డ్రాఫ్టులో ఆయన కన్నా తన గొప్పే ఎక్కువ కనపడిందని తనే కొట్టేసుకుంది. ఆరు క్యాంపస్‌లకి విడివిడిగా దరఖాస్తు ఫీజు కట్టాం. రెండు చోట్ల కంప్యూటర్ సైన్స్, మిగిలినచోట్ల అప్లయిడ్ మ్యాథమెటిక్స్. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పంపేసింది.

ప్రైవేటు యూనివర్సిటీలకి కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు. అక్కడ కథ వేరు. కౌన్సెలర్ ఉత్తరం, ఇద్దరు టీచర్ల ఉత్తరాలు, కాలేజీ నుంచి నేరుగా అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్. ట్రాన్స్‌క్రిప్ట్‌లు మొదట ఒకటి రెండు ఉచితం, ఆ తర్వాత ప్రతిదానికీ డబ్బులు. అసలు విషయం క్రెడిట్లు. హైస్కూల్ డిప్లొమా లెక్కలో వేసుకున్న కాలేజీ కోర్సుకి మళ్ళీ క్రెడిట్ ఇవ్వమని చాలా ప్రైవేటు యూనివర్సిటీలు ముందే రాసి ఉంచుతాయి. మా అమ్మాయి సైకాలజీని హైస్కూల్ ఎలెక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) కింద వేయించుకుంది. కాబట్టి క్రెడిట్ల కోసమే ఈ దారి పట్టేవాళ్ళు, పిల్ల ఎక్కడికి వెళ్ళాలనుకుంటోందో ఆ యూనివర్సిటీ పేజీ ముందు చదవాలి. యూసీలకైతే అసిస్ట్ అనే వెబ్‌సైటులో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అందరికీ కనపడేలా ఉంటుంది. మేము ప్రతి కోర్సుకీ ముందు అక్కడ చూసుకున్నాం.

హెచ్-4 పిల్లలకి ఫాఫ్సా వర్తించదు, అంటే ఫెడరల్ సాయం లేదు. ఏడాదికి ఎనభై వేల డాలర్ల పైన ఖర్చయ్యే ప్రైవేటు యూనివర్సిటీల పేర్లు జాబితాలోంచి మెల్లగా జారిపోయాయి. చివరికి మూడింటికే పెట్టింది.

జనవరి, ఫిబ్రవరి నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. చేయడానికి ఏమీ ఉండదు. ఫిబ్రవరిలో కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా మొదలైంది. మార్చి రెండో వారం నుంచి యూసీ క్యాంపస్‌ల ఫలితాలు ఒక్కొక్కటిగా రావడం మొదలయ్యాయి. సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య పోర్టల్ తెరుచుకుంటుందని పిల్లలకి ముందే తెలుస్తుంది. శాంతాక్రజ్ వచ్చింది. డేవిస్ వచ్చింది. అర్వైన్ వచ్చింది. శాన్ డియాగో వెయిట్‌లిస్టు. యూసీఎల్ఏ రాలేదు. మార్చి నెలాఖరులో బర్క్లీ కూడా రాలేదు. ఆ రెండింటికీ మొత్తం దరఖాస్తుల్లో దాదాపు పదిమందిలో ఒక్కరికే సీటు, కంప్యూటర్ సైన్స్‌కి అయితే ఇంకా తక్కువ. లెక్క తెలిసీ బాధపడ్డాం. మావారు గ్యారేజీలోకి వెళ్ళి అక్కర్లేని డబ్బాలు సర్దారు. అమ్మాయి ఆ రాత్రి ఒక్కతే గదిలో ఉండి, పొద్దున లేచి "ఈరోజు క్విజ్ ఉంది" అని వెళ్ళిపోయింది. ప్రైవేటు వాటిలో ఒకటి వెయిట్‌లిస్టు, రెండు లేవు.

మా పరిచయస్తుల్లో ఒక అబ్బాయి ఏడెనిమిది కాలేజీ కోర్సులు చేశాడు, బర్క్లీ రాలేదు. ఇంకో అమ్మాయి ఒక్కటీ చేయలేదు, వచ్చింది. దీన్నుంచి సూత్రం ఏమీ తీయకండి, మేమూ తీయలేదు. కానీ ఆ వారం మా గ్రూపులో మెసేజీలు చూస్తే, ప్రతివాళ్ళూ ఏదో ఒక సూత్రం తీశారు.

ఏప్రిల్లో డేవిస్ చూడటానికి వెళ్ళాం. అప్లయిడ్ మ్యాథమెటిక్స్‌కి వచ్చిన సీటు. అక్కడ ఊరంతా సైకిళ్ళే. అమ్మాయికి నచ్చింది, మే ఒకటికి ముందే ఒప్పుకుంటూ డిపాజిట్ కట్టేసింది. యూసీ వాళ్ళు మళ్ళీ రెసిడెన్సీ వివరాలు అడిగారు. 2023 నాటి ఫోల్డరు తీసి, కొత్త అప్రూవల్ నోటీసు కలిపి పంపితే ఈసారి గొడవ లేకుండా అయిపోయింది. రెసిడెంట్లకి ట్యూషన్, ఫీజులు ఏడాదికి 15 వేల డాలర్ల పైనే. హాస్టలు, తిండి, మిగతావి కలిపితే 40 వేలు దాటుతుంది. నాన్ రెసిడెంట్ అని పడి ఉంటే దాని మీద ఇంకో 37 వేల పైన. ఆ ఫోల్డరుని నేను ఇప్పుడు పాస్‌పోర్టుల పక్కన పెట్టాను.

సీటు వచ్చాక కూడా వదిలెయ్యకూడదు. యూసీ ఇచ్చేది షరతులతో కూడిన ప్రవేశం. దరఖాస్తులో రాసిన కోర్సు మానేసినా, డీ వచ్చినా క్యాంపస్‌కి వెంటనే చెప్పాలి. లీనియర్ ఆల్జీబ్రా దరఖాస్తులో రాసేసింది కాబట్టి మే నెలలో ఫ్రెండ్స్ అంతా బీచ్‌కి వెళ్తుంటే తను ఆ కోర్సులోని ఐగెన్ వాల్యూల లెక్కలు చేసుకుంది. 'ఏ' గ్రేడు వచ్చింది.

జూన్ రెండో వారం నుంచి ట్రాన్స్‌క్రిప్ట్‌ల హడావిడి. హైస్కూల్ది జూలై 1 లోపు చేరాలి, ఏపీ స్కోర్లు జూలై 15 లోపు. కాలేజీది విడిగా మనమే ఆర్డర్ చేయాలి, హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ కోర్సు కనపడుతున్నా సరే. వసంతం గ్రేడు రికార్డులోకి ఎక్కేదాకా ఆగి ఆర్డర్ చేయాలి. ముందే చేస్తే ఆ కోర్సు పక్కన గ్రేడు లేకుండా వెళ్ళిపోతుంది. ఆర్డర్ పేజీలోనే "గ్రేడ్లు వచ్చేదాకా ఆపు" అని ఒక చిన్న గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయాలి.

ఆగస్టులో క్రెడిట్లు డేవిస్ పోర్టల్లో కనపడ్డాయి. అక్కడ క్వార్టర్ల పద్ధతి, సెమిస్టర్ యూనిట్లని ఒకటిన్నరతో గుణిస్తారు. డిగ్రీకి 180 క్వార్టర్ యూనిట్లు కావాలి. కాలేజీ కోర్సులు, ఏపీలు కలిపితే ఒక ఏడాదికి దగ్గరగా వచ్చాయి. మావారు అప్పుడే లెక్కలేశారు. మూడేళ్ళలో పూర్తిచేస్తే నలభై వేలు మిగులుతాయి, ఇరవై ఒకటి నిండి హెచ్-4 పోకముందే డిగ్రీ చేతికొస్తుంది. కానీ ఆ యూనిట్లలో చాలా భాగం ఎలెక్టివ్‌లుగానే పడ్డాయి. మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) తప్పనిసరి అయిన కోర్సుల్ని నిజంగా తగ్గించినవి కాలిక్యులస్, మల్టీవేరియబుల్, లీనియర్ ఆల్జీబ్రా మాత్రమే. ఓరియెంటేషన్‌లో అడ్వైజర్ మూడేళ్ళకి ఒక ప్లాను, నాలుగేళ్ళకి ఒకటి వేసి ఇచ్చారు. అమ్మాయి రెండూ ఫ్రిజ్ మీద అంటించి, మొదటి క్వార్టర్ గ్రేడ్లు చూశాక చెబుతానంది. మావారు రోజూ మూడేళ్ళ కాగితాన్ని కాస్త పైకి జరుపుతూ ఉన్నారు.

మా వాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు బడి దగ్గర ఈమధ్య అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. పదకొండు దాకా ఏమీ పెట్టించమని, స్కూల్లో లేని సబ్జెక్టు వాడికి కావాల్సివస్తే అప్పుడు చూస్తామని చెప్పాను. రెసిడెన్సీ కాగితాలు మాత్రం వాడి పేరు మీద ఇప్పుడే స్కాన్ చేసి పెట్టాను.